కచ్చా - పక్కా: మన ఊళ్ల ఇళ్లూ, నిప్పూ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రెండు కష్టాలూ మన సొసైటీ సభ్యులందరికీ తెలిసినవే. ఇల్లు కట్టేటప్పుడు గదులెన్ని, ఖర్చెంత, దావత్ ఎప్పుడు అని అందరం లెక్క వేస్తాము. ఈ ఇంటికి నిప్పంటుకొంటే ఎంతసేపు నిలుస్తుంది, లోపలివాళ్లు బయటపడేందుకు ఎంత వ్యవధి దొరుకుతుంది అని అడిగేవారు మాత్రం తక్కువ. కట్టడాలను రకాలుగా విడదీసే శాస్త్రం చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఇళ్ల చరిత్రను ఈ దృష్టితో ఒకసారి సభ్యుల ముందుంచాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మాటలోనే ఉన్న చరిత్ర

ఇంట్లో మాట్లాడే ఉర్దూలోను, బజారులో మాట్లాడే తెలుగులోను కచ్చా, పక్కా అనే మాటలు మనకు అలవాటే. పక్కా అంటే ఇప్పుడు గట్టిది, ఖాయమైనది అని అర్థం చెప్పుకొంటున్నాము. అసలు అర్థం పండినది, వండినది, కాలినది అని. ఎండలో ఆరబెట్టిన ఇటుక కచ్చా. బట్టీలో కాలిన ఇటుక పక్కా. ఒకసారి నిప్పులో కాలి వచ్చిన ఇటుక మళ్లీ నిప్పుకు సులభంగా లొంగదు. అంటే ఇళ్లను నిప్పుతో తూచి చూడడం ఇంజనీర్లు పుట్టకముందే మన మాటల్లోకి వచ్చేసిందన్న మాట.

సర్కారు కూడా ఇదే పద్ధతి పట్టింది. జనాభా లెక్కలవాళ్లు గోడ దేనితో, కప్పు దేనితో కట్టారని అడిగి శాశ్వత, అర్ధశాశ్వత, తాత్కాలిక ఇళ్లు అని విడదీస్తారు. బీమావారి పాత అగ్ని టారిఫ్‌లో గడ్డి, ఆకులు, వెదురు, చెక్క పలకలు, టార్పాలిన్ మొదలగు వాటితో గోడలు గాని కప్పు గాని ఉన్న కట్టడాన్ని కచ్చా అనేవారు. దానికి ప్రీమియం ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మట్టి గోడ కచ్చాయే, కాని మట్టి కాలదు. మన పాత ఇళ్లను తగలబెట్టింది గోడలు కాదు, కప్పులు.

మన పాత కప్పులు

ఈ మూడు ఊళ్లూ 2016 అక్టోబరు దాకా ఒకే నల్లగొండ జిల్లాలో ఉండేవి. ఆ తర్వాతే సూర్యాపేట జిల్లా ఏర్పడి, కోదాడ అందులో చేరింది. తాటిచెట్లకు కొదువలేని నేల ఇది. కూలినాలి చేసుకొనేవారి ఇళ్లు మట్టి గోడలు, తాటాకు కప్పు, లేదా బోదగడ్డి కప్పు. మా చిన్ననాడు ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో పెద్దమ్మలు పొద్దెక్కక ముందే వంట ముగించి పొయ్యి మీద నీళ్లు చల్లేవారు. మిట్టమధ్యాహ్నం గాలి లేచిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, వాడ వాడంతా పోతుంది. పెళ్లికని దాచిన బట్టలు, గింజలు, కాగితాలు అన్నీ కొద్ది నిమిషాల్లో బూడిదే.

కొంచెం కలిగినవారిది గూనపెంకుల ఇల్లు. మన ఇళ్లల్లో కవేలూ కా ఘర్ అనేవారు. పెంకు బట్టీలో కాలినదే కనుక పైనుంచి పడే రవ్వకు భయం లేదు. కాని పెంకు కింద వెదురు, వాసాలు ఉంటాయి. లోపల పుట్టిన మంట వాటిని పట్టుకొంటుంది. ఇంకా కలిగినవారు మిద్దె వేసుకొనేవారు. లావుపాటి దూలాలు, వాటి మీద పలకలు గాని బండలు గాని, ఆపైన మట్టి, దానిపైన గానుగలో ఆడించిన డంగు సున్నం. ఆ మట్టే దూలానికి గొడుగు.

కట్టెతో కట్టిన మిద్దె నిప్పుకు ఎలా ఆగుతుందని అడగవచ్చు. లావైన టేకు దూలం పైపైన కాలి బొగ్గు పొరవుతుంది. ఆ పొరే లోపలి కట్టెకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. ఇనుప గర్డరు కాలదు నిజమే; కాని సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం దాదాపు సగమై వంగిపోతుంది. కాబట్టి కాలని వస్తువు, నిలిచే వస్తువు రెండూ ఒకటి కావు.

కట్టె లేకుండానే కప్పు వేసే విద్య కూడా మన పూర్వులకు తెలుసు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుడులు కాకతీయుల కాలపు రాతి కట్టడాలు. హైదరాబాదులో 1591 నాటి చార్మినార్, ఆ తర్వాత కట్టిన మక్కా మసీదు కమానుల మీద నిలిచినవి. కమాను, గుమ్మటం ఉంటే దూలంతో పని లేదు. మదీనాలో ప్రవక్త మసీదు కట్టె కప్పు 1256లో దీపం వలన ఒకసారి, 1481లో పిడుగు వలన మరొకసారి కాలిపోయింది. ఎంతటి పవిత్ర స్థలమైనా కట్టె కట్టెలాగే కాలుతుంది.

గంటలతో కొలిచే లెక్క

కట్టడాలను చట్టంతో వర్గీకరించిన పాత ఉదాహరణల్లో పేరున్నది లండన్. 1666 సెప్టెంబరులో ఒక రొట్టెల బట్టీలో పుట్టిన మంట నాలుగు రోజులు కాలి ఆ నగరంలో పెద్ద భాగాన్ని నాశనం చేసింది. మరుసటి ఏడు, అంటే 1667లో చేసిన చట్టం బయటి గోడలు ఇటుకతో గాని రాతితో గాని కట్టాలని శాసించి, ఇళ్లను నాలుగు తరగతులుగా విభజించింది.

మన దేశంలో జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదట 1970లో వచ్చింది. 1983, 2005, 2016 సంవత్సరాల్లో దానిని సవరించారు. అది కూడా కట్టడాలను నాలుగు రకాలు చేసింది. ఇక్కడ కొలత గంటలు. పక్క కట్టడానికి దగ్గరగా ఉండి బరువు మోసే బయటి గోడ మొదటి రకంలో 4 గంటలు నిలవాలి. నాలుగో రకంలో 1 గంట. గోడనో స్లాబునో కొలిమిలో పెట్టి పరీక్షిస్తారు. వేడి అరగంటకు సుమారు 840 డిగ్రీలు, గంటకు 945, రెండు గంటలకు 1050 దాకా పెంచుతారు. చూసేవి మూడు: బరువు మోస్తూ నిలిచిందా, పగులు పడి మంట అవతలికి దూరిందా, అవతలి పక్క మరీ వేడెక్కిందా.

ఈ పరీక్షల వలన తేలిన సంగతులు గృహస్థులకు పనికివస్తాయి. బట్టీ ఇటుకతో కట్టిన తొమ్మిదంగుళాల గోడ సుమారు నాలుగు గంటలు తట్టుకొంటుంది. గ్రానైటు రాయి పెద్ద వేడికి చిట్లుతుంది. సున్నపురాయి మరీ కాలితే సున్నమే అవుతుంది. సిమెంటు రేకు కాలదు గాని వేడికి పెళపెళ పగిలి మీద పడుతుంది. స్లాబు బలం లోపలి చువ్వలది. చువ్వకు నిప్పు నుంచి రక్షణ దాని చుట్టూ ఉన్న కాంక్రీటు మందం. మేస్త్రీ తొందరపడి చువ్వలు అడుగున బయటికి కనబడేలా పోతపోస్తే ఆ స్లాబు పేరుకే పక్కా.

పక్కా అయ్యాక వచ్చిన కొత్త ప్రమాదం

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో వరి పండింది. రైసు మిల్లులు లేచాయి. సున్నపురాయి ఉన్న చోట సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. 1983 తర్వాత బీదలకు పక్కా ఇళ్లన్న మాట రాష్ట్రమంతా మార్మోగింది. తాటాకు పోయి పెంకు, పెంకు పోయి స్లాబు వచ్చింది. ఇది మంచి మార్పే. ఎండాకాలంలో వాడలకు వాడలు కాలిపోవడం మన ప్రాంతంలో అరుదైపోయింది.

అయితే నిప్పు పోలేదు, చోటు మార్చింది. ఇల్లు కాలదు గాని ఇంట్లోని సామాను కాలుతుంది. ఫోం పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, కరెంటు తీగల తొడుగులు కాలితే వచ్చేది విషపు పొగ. పూరి ఇంట్లో పొగ కప్పులోంచి పోయేది. పక్కా ఇంట్లో పోయే దారి లేక మెట్ల మీదుగా పైకెక్కుతుంది.

హైదరాబాదు చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న జరిగింది ఇదే. కింద దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకు ఇరుకైన దారి. ఆ ఒక్క ఇంట 17 ప్రాణాలు పోయాయి. 2022 మార్చి 23న సికింద్రాబాదు భోయిగూడలో తుక్కు గోదాము పైన పడుకొన్న 11 మంది బీహారు కూలీలు కింద మంట లేచేసరికి దిగే దారి లేక చనిపోయారు. అంతకు ముందు 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడిలో 94 మంది పసిపిల్లలు పోయారు. ఆ బడి పక్కాయే. పైన వేసిన పూరి కప్పు కచ్చా, మెట్లదారి ఇరుకు.

కనుక మేము చెప్పదలచినది ఇంతే. గోడ నాలుగు గంటలు నిలిచేది గోడ కోసం కాదు; ఆ లోపల మనిషి నడిచి బయటికి రావడానికి. దారి లేనప్పుడు ఆ నాలుగు గంటలూ వృథా.

పాఠం నేర్చితే ఫలితం ఎలా ఉంటుందో హజ్ చేసి వచ్చిన మన పెద్దలకు తెలుసు. 1997 ఏప్రిల్ 15న మీనాలో వంట గ్యాసు వలన డేరాలు అంటుకొని 343 మంది హాజీలు మరణించినట్లు లెక్క. వారిలో మన దేశస్థులూ ఉన్నారు. ఆ తర్వాత అక్కడ బట్ట డేరాలు తీసేసి, టెఫ్లాన్ పూసిన గాజునార డేరాలు వేశారు. డేరాల్లో గ్యాసు వంటలు మాన్పించారు. వస్తువునూ మార్చారు, అలవాటునూ మార్చారు. రెండూ కావాలి.

మన సంగతి

ఇప్పుడు మన బజార్ల వైపు చూద్దాం. సూర్యాపేటలో గాని కోదాడలో గాని కింద దుకాణం, పైన కాపురం మనోళ్లలో చాలామంది పద్ధతి. దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్లు, మెట్ల దగ్గర రాత్రి తాళం. మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేసేవారికి ఊక గుణం తెలిసిందే: మంట కనబడకుండా లోలోపలే గంటల తరబడి రగులుతుంది. పెళ్లిళ్లలో షామియానా గుడ్డ పక్కనే దేగుల కింద కట్టెలు మండుతుంటాయి.

ఒకరిని తప్పుపట్టేందుకు వ్రాయడం లేదు. మేము కూడా మా ఇంటి మెట్ల కింద ఖాళీ గ్యాసు సిలిండర్లు, పాత పరుపులు, పిల్లల సైకిళ్లు ఏళ్ల తరబడి పెట్టుకొన్నవాళ్లమే. ఈ వ్యాసానికని కూర్చున్న తర్వాత సిగ్గనిపించి అన్నీ తీయించాము. మెట్ల గ్రిల్లు తాళంచెవి ఇంతకు ముందు ఇంటి యజమాని దిండు కింద ఉండేది. ఇప్పుడు తలుపు పక్కన మేకుకు, చిన్నపిల్లలకు కూడా అందే ఎత్తులో వేలాడుతోంది. దీనికి ఒక్క పైసా ఖర్చు కాలేదు.

సభ్యులు ఈ వారంలోనే ఒక పని చేయాలని కోరుతున్నాము. రాత్రి దీపాలు ఆర్పి, ఇంట్లో పెద్దలను, పిల్లలను వెంటబెట్టుకొని, పడకగది నుంచి వీధి దాకా నడిచి చూడండి. కాలికి ఏది తగిలితే దానిని తీసేయండి. ఒక కిటికీకైనా లోపలినుంచి తెరుచుకొనే గ్రిల్లు పెట్టించండి. మేడ మీదికి పోయే తలుపుకు తాళం వద్దు. కొత్తగా కట్టేవారు మేస్త్రీతో మాట్లాడేటప్పుడు చువ్వకు కాంక్రీటు ఎంత మందం, మెట్లు ఎంత వెడల్పు, రెండో దారి ఎక్కడ అని అడగండి. షాదీఖానాలకు, పిల్లలు చదివే చోట్లకు, పడుకొనే చోట్లకు రెండో దారి తప్పనిసరి అని పెద్దలు పట్టుబట్టాలి.

మన తాతలు పొయ్యి మీద నీళ్లు చల్లి ఇంటిని కాపాడుకొన్నారు. వారిది కచ్చా ఇల్లు, పక్కా జాగ్రత్త. మనది పక్కా ఇల్లు. జాగ్రత్త మాత్రం కచ్చాగా మిగలకూడదు.