సైకిలుపై బరువు ఎక్కడ ఉండాలి?

1870 తరువాతి సైకిళ్లకు ముందుచక్రం ఒకటిన్నర మీటర్ల ఎత్తువరకు ఉండేది. మనిషి దాదాపు దానిమీదనే కూర్చునేవాడు. గరిమనాభి ఎత్తుగా, ముందుకు ఉండటంవల్ల రాయి తగిలితే తలక్రిందులయ్యేవాడు. ఇక సామాను మాట చెప్పనక్కరలేదు.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ సైకిలులో గొలుసు వెనుకచక్రాన్ని త్రిప్పింది. ఆసనం క్రిందికి దిగింది. వెనుక సామానుకు చోటు దొరికింది.

ఇటువంటి సైకిలు ఎంత మోయగలదో 1954లో డియన్ బియన్ ఫూ యుద్ధంలో తేలింది. వియత్నాం కూలీలు చట్రానికి ఇరుప్రక్కలా మూటలు వ్రేలాడగట్టి, 200 కిలోగ్రాములకు పైబడిన బరువును నడుస్తూ నెట్టుకుపోయారు.

బరువు క్రిందుగా, సమంగా ఉండటమే ఇందులోని కిటుకు. బడికిపోయే విద్యార్థి సంచీని హాండిలుకు ఒకప్రక్క తగిలించరాదు. కారియరుకు ఇరువైపులా పంచి గట్టిగా కట్టాలి. త్రాడుకొస చువ్వల్లో చిక్కితే ప్రమాదం.