పద్యనాటకానికి పెద్ద తెర కావాలి

గుంతకల్లు నుంచి ధర్మవరం పోయే రైలు గార్లదిన్నె మీదుగా పోతుంది. తెలుగు పద్యనాటకం నడిచిన దారీ దాదాపు ఇదే. లైనుకు దక్షిణాన ఉన్న ధర్మవరంలో 1853లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పుట్టారు. ఉత్తరాన గుంతకల్లులో రైలు మారితే బళ్లారి. ఆయన అక్కడే వకీలుగా స్థిరపడి, సరసవినోదిని సభ పెట్టి, 1887లో ‘చిత్రనళీయం’ ఆడించారు. అనంతపురం అంతకు అయిదేళ్ల ముందు, 1882లోనే బళ్లారి నుంచి విడిపడి జిల్లా అయింది. కాగితం మీద జిల్లాలు రెండయ్యాయి గానీ నాటకం చూసే జనం ఒక్కటే. మాటల మధ్య పద్యాలూ పాటలూ పొదిగి, పాత్ర చేతనే పాడించే పద్ధతికి ఊపు ఇచ్చింది ఆచార్యులవారే. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఊరికే రాలేదు.

ఈ కథ ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం న్యూయార్క్‌లో ఉంది. అక్కడి మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబర్ 30న ఒక కొత్త పని మొదలుపెట్టింది. తన వేదిక మీద జరుగుతున్న ప్రదర్శనను అనేక కెమెరాలతో పట్టి, ఉపగ్రహం ద్వారా ఊరూరి సినిమా హాళ్లకు పంపింది. ఆ రోజు వేసింది మొజార్ట్ 1791లో వియన్నాలో ఆడించిన ‘మ్యాజిక్ ఫ్లూట్’. అప్పటి నుంచి పదుల దేశాల్లో జనం టికెట్ కొనుక్కుని, సినిమాకు వెళ్లినట్టే ఒపెరాకు వెళుతున్నారు. ముంబైలోని ఎన్‌సీపీఏ కళాకేంద్రంలోనూ ఈ ప్రదర్శనలు తెర మీద వేశారు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటి గంట ఆట మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది కాబట్టి, ఇక్కడివాళ్లకు రికార్డు చేసినదే వీలు.

కథను పాటలో నడిపే ఈ ఒపెరా మనకు పరాయిది అనుకోనక్కర్లేదు. ఇటలీలోని మాంటువాలో మాంటెవెర్డి ‘ఓర్ఫియో’ ఆడించింది 1607లో. సరిగ్గా అప్పుడు తంజావూరును రఘునాథ నాయకుడు ఏలుతున్నాడు. ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానాలు రాశాడు. ఆ కొలువులోనే రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. అంటే ఇటలీ రాజాస్థానాలు కథను పాటలో చెప్పించుకుంటున్న కాలంలోనే, కావేరి ఒడ్డున తెలుగు కూడా అదే పని చేస్తోంది. తర్వాత త్యాగరాజు ‘నౌకా చరిత్రం’, ‘ప్రహ్లాద భక్తి విజయం’ రాశారు. తంజావూరు దగ్గరి మెలట్టూరులో భాగవత మేళంవారు ఇవాళ్టికీ నరసింహ జయంతి రోజుల్లో తెలుగులోనే ప్రహ్లాద చరిత్ర ఆడుతున్నారు.

ఈ ప్రహ్లాదుణ్ణి పట్టుకుని కాస్త దూరం నడవాలి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. దానికి ఆధారం సురభి నాటక సమాజంవారు ఆడుతున్న ధర్మవరంవారి నాటకమే. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. మన సినిమా నోరు విప్పగానే పలికింది ఈ సీమ నాటకమే అని గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ ఆ ప్రింటు ఇప్పుడు దొరకదు. పైగా అది నాటకాన్ని నాటకంగా దాచిపెట్టే ప్రయత్నం కాదు, నాటకాన్ని సినిమాగా మార్చే ప్రయత్నం. ఆ తర్వాత మన స్టూడియోలు పోయిన దారీ అదే. నాటకం నుంచి కథనూ నటులనూ పద్యాలనూ తీసుకున్నాయి, వేదికను మాత్రం వదిలేశాయి.

బళ్లారి రాఘవ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవ ఆచార్యులవారికి మేనల్లుడు. అతిగా సాగే రాగాలాపన నటనను మింగేస్తుందని మేనమామ ఏలిన వేదిక మీదే నిలబడి వాదించినవాడు. సహజంగా నటించాలన్నాడు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు వేశాడు. అదే ఏడాది అదే కథతో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ ముందు ఆ చిత్రం నిలవలేకపోయింది. తర్వాత ‘రైతుబిడ్డ’, ‘చండిక’ చిత్రాల్లోనూ నటించి, 1946లో కన్నుమూశాడు. అవన్నీ సినిమాలు. వేల మంది ఎదుట, ఒక్క ఊపిరిలో దృశ్యాన్ని మోసిన రంగస్థల రాఘవను మనం చూసినవాళ్ల మాటల్లోనే వెతుక్కోవాలి.

వేదికను వేదికగా తెరకెక్కించడంలో ఎంత కళ ఉందో స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ చూపించాడు. 1975 కొత్త సంవత్సరం రోజున స్వీడన్ టీవీలో వచ్చిన ఆయన ‘మ్యాజిక్ ఫ్లూట్’లో, ముందు వాద్యబృందం వాయిస్తున్నంతసేపూ కెమెరా ప్రేక్షకుల ముఖాల మీదే తిరుగుతుంది. పిల్లలు, ముసలివాళ్లు, వింటూ వింటూ మారిపోయే కళ్లు. పాడేవాళ్లతో పాటు వినేవాళ్లూ ఉంటేనే అది నాటకం అని నాకు తెలియజెప్పింది ఆ కాసేపే. మన నాటకం విషయంలో ఇది మరీ నిజం. పద్యం చివర రాగం అందుకున్నప్పుడు జనంలోంచి లేచే ‘వన్స్ మోర్’ లేకపోతే కృష్ణ రాయబారం సగమే.

తెర ముందు కూర్చుని పాటలో కథ వినడం ఈ మెట్ట సీమకు కొత్త కూడా కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఉన్నాయి. తెల్లని గుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి, రామాయణ భారతాలను పాడుతూ ఆడించినవాళ్లు వాళ్లు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో కూడా ఈ పల్లెలు కళను పస్తు పెట్టలేదు.

ఇప్పటికీ అనంతపురం పల్లెల్లో జాతరకో పండగకో కురుక్షేత్రం నాటకం వేస్తారు. వేరుశనగ పీకే చేతులే కిరీటం సర్దుకుంటాయి. హార్మోనియం మాస్టారు నెలల తరబడి పద్యాలు నేర్పుతాడు. ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని తీస్తారు, నెట్‌లో పెడతారు. వాళ్లకు దండం పెట్టాలి, ఎందుకంటే ఈ మాత్రమైనా మిగులుతున్నది వాళ్ల వల్లే. అయితే ఆ వీడియోల్లో తరచూ హార్మోనియం గొంతును మింగేస్తుంది, కృష్ణుడి ముఖం లైటు వెలుగులో తెల్లగా కరిగిపోతుంది, ఆలాపన మధ్యలో ఫోన్ ఆగిపోతుంది. అరచేతిలో ఒంటరిగా చూస్తే చప్పట్లు కొట్టాలనీ అనిపించదు.

కావలసినవి పెద్ద ఖర్చులేమీ కావు. వేదిక ముందు మూడు కెమెరాలు. ఒకటి మొత్తం వేదికకు, ఒకటి పాడేవాడి ముఖానికి, ఒకటి జనానికి. నటుడికీ హార్మోనియానికీ వేర్వేరు మైకులు, ఎందుకంటే పద్యనాటకంలో బొమ్మ కన్నా శబ్దం ముందు. రాగాన్ని ఎక్కడా కత్తిరించకూడదు. ఇంకొక్కటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: పద్యం పాడుతుండగా దాని పాఠం తెర కింద పడాలి. మెట్రోపాలిటన్ ఒపెరా 1995లో ప్రతి సీటు ముందూ చిన్న పలక బిగించి పాట అర్థం చూపించడం మొదలుపెట్టింది. ఇటాలియన్ రానివాళ్లు కూడా కళ్లతో చదువుతూ చెవులతో వింటున్నారు. పద్యం విడదీసుకోవడం చేతకాక దూరమైన మన పిల్లలకు కావలసిందీ అదే.

అనంతపురంలో లలిత కళాపరిషత్తు ఉంది. గార్లదిన్నెలో బడి ఆవరణ ఉంది, తెల్ల సున్నం గోడలు ఉన్నాయి, ప్రొజెక్టర్ అద్దెకు దొరుకుతుంది. జిల్లాలోని నాటక సమాజాలకు, కళాభిమానులకు, ఫోన్లు పట్టుకుని తీస్తున్న కుర్రవాళ్లకు నా విన్నపం ఒక్కటే: వచ్చే జాతరలో మీ ఊరి కురుక్షేత్రాన్ని శ్రద్ధగా చిత్రించండి, ఒక ప్రతి ఊళ్లోనే భద్రపరచండి, పంట కోతలయ్యాక ఒక రాత్రి అందరినీ కూర్చోబెట్టి పెద్ద తెర మీద వేయండి.