మదనపల్లె టమాటా, 741, ఒక దొంగ గ్రాఫు

మాది పుంగనూరు. ఇంజినీరింగు ఆ చుట్టుపక్కలే వెలగబెట్టాను, కాలేజీ పేరెందుకు లెండి. ల్యాబులో 741తో వెయ్యి హెర్ట్జ్ ఫిల్టరు కట్టమంటే నాకెప్పుడూ 1200 దగ్గరే వచ్చేది. రికార్డులో మాత్రం బుద్ధిగా వెయ్యి దగ్గరే గీత దించేవాణ్ణి. అందరూ అంతే. తేడా ఎందుకొచ్చిందని అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు.

ఆ 'ఎందుకు' వెనక పెద్ద కథే ఉందని ఈ మధ్య తెలిసింది. ఇండక్టరు లేకుండా ఆంప్లిఫయరుతో ఫిల్టరు కట్టే పద్ధతిని శాలెన్, కీ అనే ఇద్దరు 1955లో ప్రచురించారు. 1968లో ఫెయిర్‌చైల్డ్ వాళ్ళ 741 వచ్చాక అది మనలాంటి వాళ్ళ చేతికీ అందింది. సరే, మొత్తం ఫిల్టరుని చిప్పులోకే తోసేద్దామంటే వచ్చింది చిక్కు. సిలికాన్ మీద రెసిస్టరూ, కెపాసిటరూ బ్యాచికీ బ్యాచికీ ఇరవై శాతం దాకా అటూ ఇటూ అవుతాయి. బోర్డు మీదైతే పార్టు మార్చుకుంటాం, చిప్పు విప్పి ఏం మారుస్తాం?

మదనపల్లె టమాటా మండీ చూశారా? ఇవాళ్టి రేటు రేపుండదు. కానీ ఒకే తోటలో కోసిన రెండు బాక్సులు ఒకే పూట పక్కపక్కన పెడితే రెంటికీ దాదాపు ఒకే ధర. చిప్పు మీద పక్కపక్క కెపాసిటర్లూ అంతే. అసలు విలువ నమ్మలేం, నిష్పత్తిని నమ్మొచ్చు. 1977లో బర్కిలీ వాళ్ళు ఈ కిటుకు మీదే స్విచ్‌డ్ కెపాసిటర్ ఫిల్టర్లు కట్టారు. రెసిస్టరు స్థానంలో క్లాకుతో ఆడే చిన్న కెపాసిటరు!

నాకు మాత్రం ఇంకో దారి ఎక్కువ నచ్చింది. 1969 నాటి ఆర్‌సీఏ చిప్పు సీఏ3080. వోల్టేజి ఇస్తే కరెంటు ఇస్తుంది, ఎంత ఇవ్వాలన్నది ఇంకో కాలుకి పంపే బయాస్ కరెంటుని బట్టి. మిల్లీఆంపు పంపితే గెయిన్ సుమారు 19 మిల్లీసీమెన్స్, సగం పంపితే సగం. వెనక ఒక కెపాసిటరు పెడితే చాలు, ఫిల్టరు కటాఫ్ మన చేతిలో ఉన్నట్టే. ఆ కరెంటుని డిజిటల్ కోడుతో మారిస్తే, అదే ప్రోగ్రామబుల్ ఫిల్టరు.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగుళూరులో డిజైన్ సెంటరు పెట్టింది. కుప్పంలో రైలెక్కితే మూడు గంటలు కూడా పట్టదు. నేనూ అదే రైలెక్కాను, జావా రాయడానికి :)

మొన్న ఎల్ఎం13700 కొని మళ్ళీ కట్టాను. మొదట 1180 వచ్చింది. పాట్ తిప్పి వెయ్యికి తెచ్చా. చిప్పు మీద వేలు పెడితే వేడికి కాస్త కిందికి జారింది. ఈసారి గ్రాఫులో మూడూ రాసుకున్నాను.