గాలి, తేమ, గంజాయి: ఒక ఔషధపు చరిత్ర

కిందటి చలికాలంలో కెనడా నుంచి, నాకు తమ్ముని వరస అయ్యే ఒకరి కుమారుడు ఫోన్ చేశాడు. "పెదనాన్నగారూ, అమ్మకు కీమోథెరపీ మొదలైంది. వాంతులు తగ్గుతాయని ఎవరో చెబితే ఇంట్లోనే, కింది గదిలో రెండు గంజాయి మొక్కలు పెంచాను. కోసిన పూగుత్తుల్లో ఒకదాని నడుమ బూడిదరంగు బూజు కనబడింది. అంతవరకు తీసి పారేసి మిగిలింది వాడవచ్చునా?" అని అడిగాడు. ఆ దేశంలో 2018 అక్టోబరు నుంచి చాలా రాష్ట్రాలలో ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవడం చట్టసమ్మతమే. కనుక నేను చట్టం ప్రస్తావన తేలేదు. వాడవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ మాటకు కారణం తెలియాలంటే ఈ మందు చరిత్రను కొంత తిరగవేయాలి.

మన ప్రాచీన వైద్యులు గంజాయిని ఎరుగుదురు. పాశ్చాత్య వైద్యానికి దానిని శాస్త్రీయంగా పరిచయం చేసినవాడు కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడైన విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు. ముందు జంతువులపైన, తరువాత రోగులపైన పరీక్షించి, ధనుర్వాతంలోనూ, కీళ్ళవాతంలోనూ, పసిపిల్లల మూర్ఛలలోనూ తాను గమనించిన ఫలితాలను 1839లో ప్రకటించాడు. ఆపై సరుకును ఇంగ్లండుకు తీసుకొనిపోగా, లండనులో పీటర్ స్క్వైర్ అనే ఔషధ వ్యాపారి దాని నుంచి సారాన్ని తయారుచేశాడు. 1850 నాటికి అమెరికా ఔషధ సంహితలోనూ గంజాయికి చోటు దొరికింది.

అయితే ఒక చిక్కు మొదటినుంచీ వెన్నాడింది. ఒకే మోతాదు ఒక రోగికి ఏమీ చేయదు. ఇంకొక రోగిని మతిభ్రమలో ముంచుతుంది. విక్టోరియా రాణి వైద్యులలో ఒకరైన రస్సెల్ రేనాల్డ్స్ ముప్ఫై ఏళ్ళ అనుభవంతో 1890లో లాన్సెట్ పత్రికలో ఈ మందును మెచ్చుకుంటూనే, దాని బలం నిలకడగా ఉండదు కనుక అతి స్వల్పమైన మోతాదుతో ఆరంభించాలని హెచ్చరించాడు. కొలత కుదరని ద్రవ్యాన్ని వైద్యుడు ఎంతకాలం నమ్ముతాడు? ఇంతలో తూకం తప్పని ఆస్పిరిన్ మాత్రలు, సూదిమందులు వచ్చాయి. చట్టాల నిషేధమూ తోడైంది. 1942లో అమెరికా సంహిత దానిని తొలగించింది.

ఆ నిలకడలేమికి మొక్కల మధ్య సహజంగా ఉండే భేదాలు ఒక కారణం. నిల్వలోని వేడి, వెలుతురు, గాలి మరొక కారణం. 1896లో కేంబ్రిడ్జి రసాయనవేత్తలు చరస్ నుంచి వేరుచేసిన పదార్థానికి కానబినాల్ అని పేరుపెట్టారు. మత్తుకు మూలమైన టీహెచ్‌సీని మాత్రం 1964లో గాని ఇజ్రాయెల్‌లో గావోనీ, మెషూలం స్వచ్ఛంగా వేరుచేయలేకపోయారు. తరువాత తేలినదేమిటంటే, టీహెచ్‌సీ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్షీణించినపుడు మిగిలేది ఆ కానబినాలే. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయం వారు గది ఉష్ణోగ్రతలో నిల్వచేసిన గంజాయిని పరీక్షించి 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం, టీహెచ్‌సీ ఒక ఏడాదిలో సుమారు 17 శాతం, నాలుగేళ్ళలో 41 శాతం నశించింది. నెలల తరబడి ఓడలలో ప్రయాణించి, అంగడి అలమరలలో పడి ఉన్న నాటి సరుకు ఏ స్థితిలో రోగిని చేరేదో ఊహించుకోవచ్చు.

వేడి మందు బలాన్ని హరిస్తే, తేమ దానిని విషం చేస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టవద్దని మన పెద్దలు ఊరకే చెప్పలేదు. తడి ఆరని వేరుశనగకు పట్టే బూజు ఎంత హానికరమో మన రైతులకు తెలుసు. ఆస్పర్జిల్లస్ అనే ఆ బూజుల కుటుంబానికి చెందినవే గంజాయి మీదా పెరుగుతాయి. మూసిన గదిలో ఈ ముప్పు ఎక్కువ. 25 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 15 డిగ్రీలకు దిగితే 13 గ్రాములే. పగలు దీపాల వేడికి పొడిగా తోచిన గది, దీపాలు ఆర్పగానే చెమ్మగిల్లుతుంది. గోడమీది మాపకం సక్రమంగానే చూపినా, దట్టమైన పూగుత్తి లోపల తేమ నిలిచే ఉంటుంది. బూజు అక్కడ మొదలై, పైకి కనబడేసరికి దాని బీజాలు గదంతా వ్యాపించి ఉంటాయి.

ఇది ఊహ కాదు. పుట్టుకతో రోగనిరోధక లోపం గల ఒక యువకునికి బూజుపట్టిన గంజాయి పొగవల్ల ఊపిరితిత్తులలో ఆస్పర్జిల్లస్ సోకినట్లు 1975లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగి అదే విధంగా మరణించిన సంగతి 1988లో ప్రచురితమైంది. పొగతాగేటపుడు పుట్టే వేడికి బీజాలన్నీ చస్తాయనుకోవడం భ్రమ. ఆరోగ్యవంతుని శరీరం అణచివేసే బూజు, కీమోథెరపీతో తెల్లకణాలు తగ్గిన శరీరంలో ప్రాణాంతకమవుతుంది.

అందుకే నెదర్లాండ్స్ ప్రభుత్వం 2003లో ఔషధశాలలకు గంజాయి పంపడం ఆరంభించినపుడు, ఉష్ణోగ్రతనూ తేమనూ అదుపుచేసిన గదులలో పెంచి, గామా కిరణాలతో సూక్ష్మజీవులను తొలగించిన సరుకునే అనుమతించింది. ఓషానెసీకి దొరకని స్థిరమైన మోతాదు అలా సాధ్యమైంది. ఇంటి గదిలో ఒక పంఖా, ఒక తేమమాపకం పెట్టినంత మాత్రాన ఆ పరీక్షాశాల సమకూరదు.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి పెంచడం నేరం. కనుక ఈ వ్యాసాన్ని పెంపకానికి ప్రోత్సాహంగా ఎవరూ భావించవద్దు. క్యాన్సర్ రోగులున్న కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. వాంతులు తగ్గడం లేదంటే ఆ మాట చికిత్స చేస్తున్న వైద్యునికే చెప్పండి. ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మంచి మందులున్నాయి. చాలనపుడు మార్చి ఇవ్వడానికి వేరే మందులూ ఉన్నాయి. కెనడాలోనైతే గంజాయి గుణాన్ని అనుకరించి కృత్రిమంగా తయారుచేసిన నాబిలోన్ కూడా వైద్యుని చీటీపై దొరుకుతుంది.

ఆ అబ్బాయి మొక్కలను పీకి పారేసి, మరునాడు వైద్యురాలితో మాట్లాడాడు. ఆమె మందు మార్చింది. వారం తరువాత నా మరదలే స్వయంగా ఫోన్ చేసి, "బావగారూ, ఇవాళ చారన్నం తిన్నాను" అని చెప్పింది.