విషసర్పాల గుర్తింపు

విషసర్పాల గుర్తింపు అనగా ఒక పాము ఏ కుటుంబానికి, ఏ జాతికి చెందినదో దాని శరీర లక్షణాలను బట్టి నిర్ణయించుట. పాములు సరీసృపాల తరగతిలో స్క్వమాటా క్రమానికి చెందిన జంతువులు. భారతదేశంలో 300కు పైగా జాతుల పాములు ఉండగా వాటిలో అధికభాగం విషరహితమైనవి. పాముకాటు మరణాలకు ప్రధాన కారణం నాలుగు జాతులు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఈ నాలుగూ తెలంగాణలో కలవు. తొర్రూరు (2016 వరకు వరంగల్ జిల్లా, ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లా) వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఎలుకలను, కప్పలను వెదకుచు వచ్చే పాములు పొలాలలోను, ఇళ్ళ చుట్టూ తరచుగా ఎదురవుతాయి.

వర్గీకరణ

నాగుపాము (నాజా నాజా), కట్లపాము (బంగారస్ సెరులియస్) ఎలాపిడే కుటుంబానికి చెందినవి. వీటి కోరలు చిన్నవిగా, పై దవడ ముందుభాగంలో కదలకుండా ఉంటాయి. విషం ముఖ్యంగా నాడీవ్యవస్థపై పనిచేస్తుంది. రక్తపింజరి (డబోయియా రస్సెలీ), చిన్నపింజరి (ఎకిస్ కారినేటస్) వైపరిడే కుటుంబానివి. వీటి పొడవైన కోరలు నోరు మూసినపుడు వెనుకకు మడుచుకుంటాయి. ఈ విషం వలన రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. విషరహితమైన జెర్రిపోతు కొలుబ్రిడే కుటుంబానికి, కొండచిలువ పైథానిడే కుటుంబానికి చెందినవి. వానపాముగా భ్రమపడే గుడ్డిపాము కూడా నిజమైన పామే; దీనిలో మగవాటి అవసరం లేకుండానే సంతానోత్పత్తి జరుగుతుంది.

శాస్త్రీయ నామాలలో తెలుగు

విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములపై 1796లో గ్రంథం ప్రచురించి, అందులో స్థానిక తెలుగు పేర్లను నమోదు చేశాడు. రక్తపింజరిని "కాటుక రేకుల పొడ" అని పేర్కొన్నాడు. ఈ పాముకు తరువాత ఆయన పేరే పెట్టబడింది. కట్లపాముల ప్రజాతి నామమైన బంగారస్, ఆయన వ్రాసిన "బంగారు పాము" నుండి వచ్చినదే.

గుర్తించుటలో పొరపాట్లు

తల త్రికోణాకారంలో ఉంటేనే విషసర్పమని చాలామంది నమ్ముతారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. కట్లపాము తల మెడకంటె పెద్దగా వెడల్పు ఉండదు. నాగుపాము కూడా బెదిరినపుడే పడగ విప్పుతుంది. మామూలుగా ప్రాకునపుడు జెర్రిపోతువలె కనిపించవచ్చు.

అన్నిటికంటె ఎక్కువ పొరపాటు కట్లపాము విషయంలో జరుగుతుంది. లైకోడాన్ ఆలికస్ అనే విషరహిత పాముకు కూడా ఒంటిపై తెల్లని పట్టీలు ఉంటాయి. అయితే దాని పట్టీలు మెడ దగ్గరనే మొదలై తోకవైపు మాసిపోతాయి. పెరిగిన కట్లపాముకు సాధారణంగా తలనుండి కొంత దూరం తరువాత పట్టీలు మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. తరచుగా జంటలుగా ఉంటాయి. వెన్ను మధ్య వరుసలోని పొలుసులు పెద్దవిగా, షట్కోణాకారంలో ఉండుట దీనికి నిశ్చయమైన గుర్తు. రంగు వయసును బట్టి, కుబుసాన్ని బట్టి మారవచ్చును గాని పొలుసుల అమరిక మారదు. పొలుసుల పరీక్ష నిపుణులు చేయవలసినదే. బ్రతికిన పాము దగ్గరకు పోరాదు.

రక్తపింజరి ఒంటిపై గొలుసువలె మూడు వరుసల అండాకార మచ్చలు ఉంటాయి. బెదిరితే గట్టిగా బుసకొడుతుంది. చిన్నపింజరి పొలుసులను రాచి గరగరమనే శబ్దం చేస్తుంది.

చికిత్సలో గుర్తింపు పాత్ర

2000-2019 మధ్య దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. దేశంలో లభించే విషవిరుగుడు మందు పై నాలుగు జాతులకూ కలిపి తయారైనదే. కనుక పామును చంపి ఆసుపత్రికి తీసుకుపోనవసరం లేదు. వైద్యులు లక్షణాలను బట్టి, 20 నిమిషాల రక్తం గడ్డకట్టు పరీక్షను బట్టి చికిత్స నిర్ణయిస్తారు. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు, కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోవుచున్నచో పాముకాటుగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.