యంత్రం మనది – సిరా ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినారు. రాజుల గురించి, దేవాలయాల గురించి వ్రాయగల విజ్ఞులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తా కుర్చీలో కూర్చున్న నాకు చేతనైనది కాగితం, సిరాల చరిత్రే. కావున మనలో చాలామంది ఇళ్ళలో టేబులు మీద కొలువై, నెలనెలా పెన్షనులో వాటా అడుగుతున్న ఇంక్‌జెట్ ప్రింటరు పూర్వోత్తరాలు కొన్ని మనవి చేస్తాను.

ముందుగా మన ఆఫీసు రోజులు జ్ఞప్తికి తెచ్చుకోండి. కార్బన్ కాగితానికి ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లో పేటెంటు తీసుకున్నాడు. గెస్టెట్నర్ సైక్లోస్టైలు 1881 నాటిది. మన దేశపు గోద్రెజ్ టైపు మిషను 1955లో వచ్చింది. ఇవన్నీ మన చేతుల మీదుగా నడిచినవే. వీటిలో ఒక సుగుణం ఉండేది. టైపు రిబ్బను అరంగుళం వెడల్పు. మిషను రెమింగ్టనుదైనా, గోద్రెజ్‌దైనా, ఫేసిట్‌దైనా బజారులో దొరికిన రిబ్బను తెచ్చి పాత చుట్టకే చుట్టుకునేవాళ్ళం. స్టెన్సిలు ఒక కంపెనీది, డూప్లికేటింగు సిరా ఇంకొక కంపెనీది అయినా పని ఆగేది కాదు. ఎవరి సిరా పోశావని మిషను ఏనాడూ అడగలేదు.

ఇక ఇంక్‌జెట్ సంగతి. సన్నని ధారగా వచ్చే ద్రవం బొట్లు బొట్లుగా ఎందుకు విడిపోతుందో 1878లోనే లార్డ్ రేలీ గణితంతో చెప్పాడు. దాన్ని పనిలో పెట్టినవాడు స్వీడన్ దేశస్థుడు రూనె ఎల్మ్‌క్విస్ట్. గుండె స్పందనను కాగితం మీద గీయడానికి సన్నని సిరా ధారను వాడే పరికరానికి ఆయనకు 1951లో అమెరికా పేటెంటు లభించింది. 1958లో మనిషి ఒంట్లో తొలిసారి అమర్చిన పేస్‌మేకరును తయారుచేసినదీ ఆయనే. మన వయసువారికి ఆ మహానుభావుడు రెండు విధాల బంధువే.

1977లో జపానులో కేనన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగు ఐరన్ పొరపాటున సిరా ఉన్న సిరంజి సూదికి తగిలింది. వెంటనే సూది మొన నుండి సిరా చిమ్మింది. వేడికి ద్రవంలో బుడగ పుట్టి సిరాను బయటకు నెట్టునని అక్కడివారు గ్రహించారు. రెండేళ్ళకు అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ వారు కూడా తమంతట తాము ఇదే మార్గం పట్టి, 1984లో థింక్‌జెట్ అనే ప్రింటరు, 1988లో డెస్క్‌జెట్ తెచ్చారు. డెస్క్‌జెట్ ధర అప్పుడు 995 డాలర్లు. ఎప్సన్ వారు వేడి లేకుండా, విద్యుత్తు తగలగానే వంగే పీజో పలకతో సిరాను నెట్టే పద్ధతిని ఎంచుకున్నారు.

1990 దశకంలో పోటీ పెరిగి ప్రింటరు ధర పడిపోసాగింది. కార్ట్రిడ్జి ధర మాత్రం పడలేదు. కంపెనీల లాభం యంత్రం నుండి సిరాకు మారింది. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెత మనం మనుమల గురించి వాడతాం. ఈ వ్యాపారంలో అది అక్షరాలా నిజమైంది.

అకౌంట్సు సెక్షనులో పనిచేసినవారికి తెలుసు, కొనుగోలు ఖర్చు వేరు, నిర్వహణ ఖర్చు వేరు. దుకాణంలో మనకు చూపించేది మొదటిదే. రెండవదాన్ని మనమే వెలికి తీయాలి. ఉదాహరణకు మాత్రమే ఒక లెక్క వేస్తాను. కార్ట్రిడ్జి వెల 900 రూపాయలు, అట్ట మీద 180 పేజీలు అని ఉన్నదనుకుందాం. పేజీకి 5 రూపాయలు. అయితే 180 పేజీలన్నది ఐఎస్‌ఓ 24711 అనే ప్రమాణం ప్రకారం నిర్ణీత నమూనా పేజీలను వరుసగా అచ్చువేసి తేల్చే అంకె. మనం వారానికి రెండు పేజీలు తీస్తాం. మధ్యలో శుభ్రపరచుకోవడానికి యంత్రం తానే సిరా త్రాగుతుంది. మూడో వంతు అలా పోతే మిగిలేది 120 పేజీలు, అనగా పేజీకి ఏడున్నర రూపాయలు. కాగితం, కరెంటు, యంత్రం ఖరీదు ఇందులో చేరలేదు.

ఆ సిరా ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. వెంట్రుక కంటే సన్నని రంధ్రాలలో సిరా ఎండిపోకుండా యంత్రం అప్పుడప్పుడు కొంత సిరాను చిమ్మివేస్తుంది. అది అడుగున ఉండే మెత్తలోకి ఇంకుతుంది. మెత్త నిండినదని లోపలి లెక్క చెప్పగానే కొన్ని ప్రింటర్లు పని మానివేస్తాయి. కొత్త యంత్రంతో వచ్చే తొలి కార్ట్రిడ్జిలో తరచు సిరా తక్కువే ఉంటుంది. కొన్ని రకాలలో పసుపు రంగు అయిపోతే నల్ల అక్షరం కూడా రాదు.

క్రిందటి వేసవిలో రెండు నెలలు అబ్బాయి దగ్గర ఉండి తిరిగి వచ్చేసరికి మా ఇంటి ప్రింటరులో నల్ల సిరా గడ్డకట్టింది. మూడుసార్లు క్లీనింగు చేయించినాము. అక్షరాలు వచ్చేలోగా కార్ట్రిడ్జి ఖాళీ అయింది. కంపెనీ సేవాకేంద్రానికి ఫోను చేస్తే, మరమ్మతు కంటే కొత్తది కొనుక్కోవడం మేలని సలహా ఇచ్చారు. మనుమరాలి ప్రాజెక్టు వర్కు చివరికి వీధి చివర జిరాక్సు దుకాణంలోనే తీయవలసి వచ్చింది.

ఖర్చు ఒక ఎత్తు, హక్కు మరొక ఎత్తు. కార్ట్రిడ్జికి చిన్న చిప్పు తగిలించి, వేరే సిరా పెడితే యంత్రం నిరాకరించే ఏర్పాటు వచ్చింది. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని, నిన్నటిదాకా వాడుతున్న ఇతర కంపెనీల కార్ట్రిడ్జీలను ఒక్కసారిగా తిరస్కరించాయి. గొడవ కాగా ఆ నెలాఖరుకే కంపెనీ క్షమాపణ చెప్పింది. 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి కోటి యూరోల జరిమానా వేసింది.

ఇక అమెరికా సుప్రీంకోర్టు 2017 మే 30న లెక్స్‌మార్క్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కంపెనీ టోనరు కార్ట్రిడ్జీలను, ఒకసారి వాడి తిరిగి ఇవ్వాలన్న షరతుతో తక్కువ ధరకు అమ్మేది. ఒక చిన్న సంస్థ ఖాళీ కార్ట్రిడ్జీలను కొని, నింపి అమ్మగా దావా పడింది. వస్తువును అమ్మిన తరువాత దానిపై పేటెంటు హక్కుతో అజమాయిషీ చేయరాదని కోర్టు తేల్చింది. 2022లో మరొక విచిత్రం జరిగింది. చిప్పుల కొరత వల్ల కేనన్ వారు చిప్పు లేని టోనరు కార్ట్రిడ్జీలు సరఫరా చేస్తూ, హెచ్చరికను దాటవేసే పద్ధతిని స్వయంగా తమ వాడుకదారులకు చెప్పవలసి వచ్చింది!

మన వంటి దేశాలవారు కోర్టుల కోసం ఆగలేదు. సిరంజితో కార్ట్రిడ్జి నింపుకున్నాం. కొందరు సన్నని గొట్టాలతో బయట సీసాలు తగిలించారు. ఇండొనేషియాలో ఇది బాగా ప్రబలింది. ఎప్సన్ వారు 2010లో ట్యాంకు ప్రింటరును మొట్టమొదట అక్కడే విడుదల చేసి, తరువాత మన దేశానికీ తెచ్చారు. యంత్రం ఖరీదు పెరిగింది, సీసాలో సిరా చౌక అయింది. వినియోగదారుడు పట్టుబడితే వ్యాపారం దారికి వస్తుందనడానికి ఇదే తార్కాణం. మరమ్మతు హక్కు విషయమై కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో ఒక కమిటీని నియమించింది.

మిత్రులకు నా మనవి ఇంతే. కొనే ముందు కార్ట్రిడ్జి ధరను పేజీల సంఖ్యతో భాగించి చూడండి. నెలకు పది, పదిహేను కాగితాలకు జిరాక్సు దుకాణమే లాభం. ఇంట్లో పిల్లల చదువుల కోసం ఎక్కువగా తీసేటట్లయితే ట్యాంకు రకం చూడండి. యంత్రం ఉన్నవారు వారానికొక రంగు పేజీ తీయండి. ముందు ప్రింటరు బటనుతో ఆపి, తరువాతనే గోడ స్విచ్చి కట్టండి. అప్పుడే సిరా మూతి సరిగా మూసుకుంటుంది. లైఫ్ సర్టిఫికెట్టు కోసమైతే ప్రింటరు అవసరమే లేదు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్‌తో అది కాగితం లేకుండానే చేరుతుంది.

సర్వీసులో ఉండగా గుండుసూది కొన్నా స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఏడాది చివర లెక్క అప్పజెప్పినవాళ్ళం. ప్రభుత్వ సొమ్ముకు చూపిన ఆ జాగ్రత్త మన సొంత పెన్షను సొమ్ముకూ చూపుదాం. ప్రింటరు పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టి, సిరా కొన్న తేదీ, వెల, తీసిన పేజీలు వ్రాయండి. ఆరు నెలల తరువాత దాన్ని చూసి, ఆ యంత్రాన్ని ఉంచాలో పంపాలో మీరే నిర్ణయించుకోండి.