మూర్ఖునికి ప్రత్యుత్తరం: సామెతల గ్రంథంలోని రెండు వచనాల చరిత్ర

హీబ్రూ బైబిలులోని సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో 4, 5 వచనాలు పక్కపక్కనే ఉండి పరస్పరం ఖండించుకుంటున్నట్టు కనిపిస్తాయి. మూర్ఖునికి వాని మూఢత్వపు ధోరణిలో బదులు చెప్పవద్దని మొదటిది వారిస్తే, ఆ ధోరణిలోనే బదులు చెప్పాలని రెండవది విధిస్తుంది. ఈ వైరుధ్యంతో తరతరాల వ్యాఖ్యాతలు పడిన పెనుగులాటే ఈ విషయపు చరిత్రలో ముఖ్యభాగం.

తెలుగు బైబిలు మూఢుడు, బుద్ధిహీనుడు, అపహాసకుడు వంటి మాటలతో సూచించే వారిలో హీబ్రూ భాష స్పష్టమైన అంతరాలను పాటిస్తుంది. 'పేతి' అంటే ఎవరు ఏది చెప్పినా నమ్మే అమాయకుడు, బోధతో మారగలవాడు. 'కెసీల్' అంటే దిద్దుబాటును సహించని మొండివాడు. 'లేత్స్' అంటే జ్ఞానాన్నే వెక్కిరించేవాడు. పై రెండు వచనాల్లోని మాట 'కెసీల్' కనుక, ఇక్కడ ప్రస్తావనకు వచ్చిన లోపం తెలివికి సంబంధించినది కాదు, నడవడికి సంబంధించినది.

ఇటువంటి బోధకు ఇశ్రాయేలు కంటే ముందే ఈజిప్టులో సంప్రదాయం ఉంది. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పపైరస్ ప్రతి ఆధారంగా 1923లో ఆంగ్ల పండితుడు బడ్జ్ ప్రచురించిన 'అమెనెమోపె ఉపదేశం'లో కొన్ని భాగాలు సామెతల 22, 23 అధ్యాయాలతో సన్నిహితంగా పోలుతున్నాయని 1924లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మన్ నిరూపించాడు. ఆ ఈజిప్టు గ్రంథం మనుషులను నిదానస్థుడు, 'వేడెక్కినవాడు' అని రెండు తెగలుగా చూసి, రెండవవానితో వాదానికి దిగక వానిని వాని మానాన వదిలి దైవానికి అప్పగించమంటుంది. మౌనం ఒక్కటే మార్గమన్న ఆ బోధకు భిన్నంగా, యూదా రాజైన హిజ్కియా మనుషులు ఎత్తి రాసినట్టు సామెతలు 25:1 పేర్కొనే సంకలనం మౌనానికీ మాటకూ రెండింటికీ చోటిచ్చింది.

క్రీస్తుపూర్వం 180 ప్రాంతంలో యెరూషలేములో రాసిన యూదు జ్ఞాని బెన్ సీరా మాత్రం ఈ విషయంలో నిరాశావాది. మూర్ఖునికి బోధించడాన్ని పగిలిన పెంకులను అతికించడంతో పోల్చి, వానితో ఎక్కువగా మాట్లాడవద్దని హెచ్చరించాడు. హీబ్రూ గ్రంథాలకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్తువజింతు రెండు వచనాల మధ్య 'అయితే' అన్న అర్థమిచ్చే మాటను చేర్చి, మూలంలో రెండుచోట్లా ఒకటిగానే ఉన్న విభక్త్యర్థాన్ని వేర్వేరు గ్రీకు పదాలతో చెప్పి, వైరుధ్యపు పదును తగ్గించింది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 11, 12 అధ్యాయాల్లో ఈ వచనాలను ఉదహరించలేదు గాని, ఐదవ వచనానికి ఆచరణరూపం చూపాడని చెప్పవచ్చు. తమ గొప్పలు చెప్పుకునే ప్రత్యర్థులకు జవాబుగా ఆయన అవివేకి పాత్రను ధరించి, తానూ అతిశయపడతానంటూ, తిన్న దెబ్బలనూ, ఓడ పగిలిన ఆపదలనూ, దమస్కు గోడమీదుగా గంపలో దిగి తప్పించుకున్న అవమానాన్నీ ఏకరువు పెట్టాడు. ధోరణి వారిదే, సారం మాత్రం వారికి పూర్తిగా విరుద్ధం.

సమస్యను సూటిగా ఎదుర్కొన్నది యూదు పండితుల చర్చల సంకలనమైన బాబిలోనియా తల్మూదు. షబ్బాతు అనే ప్రకరణం (30వ పత్రం) ప్రకారం, మాటలు పరస్పరం విరుద్ధంగా ఉన్నందున సామెతల గ్రంథాన్ని వాడుక నుంచి తప్పించి దాచివేయాలని కూడా పండితులు తలపోశారు. ధర్మశాస్త్ర విషయమైతే బదులు చెప్పాలి, లౌకిక విషయమైతే చెప్పకూడదు అన్న విభజనతో గ్రంథం నిలిచింది. ఈ పరిష్కారం మూలం కంటే ఇరుకైనదే గాని, దాని వెంట వచ్చే కథలు ఎంతో విలువైనవి. యూదు గురువైన రబ్బాన్ గమలీయేలు రాబోయే కాలపు వింతలను వివరిస్తుండగా ఎగతాళి చేసిన శిష్యునికి ఆయన ప్రతిసారీ ఓపికగా ఈ లోకంలోనే ఒక పోలికను చూపాడు. మరో గురువైన హిల్లేలుకు కోపం తెప్పిస్తానని నాలుగువందల జూజుల (వెండి నాణేల) పందెం కాసినవాడు విశ్రాంతిదినపు ముందురోజు పదేపదే వచ్చి అర్థంలేని ప్రశ్నలు వేసినా, ఆయన ప్రతి ప్రశ్ననూ గొప్ప ప్రశ్నగానే గౌరవించి సమాధానమిచ్చాడు.

ఆధునిక పరిశీలన దృష్టిని వచనాల అమరిక వైపు మళ్లించింది. 26వ అధ్యాయపు మొదటి పన్నెండు వచనాల్లో రెండవది తప్ప అన్నింటిలోనూ 'కెసీల్' కనిపిస్తాడు కనుక ఇది బుద్ధిపూర్వకంగా కూర్చిన గుచ్ఛం. నాలుగవ వచనపు భయం జవాబిచ్చేవాని గురించి, అతడు కూడా మూర్ఖుని వంటివాడవుతాడేమోనని. ఐదవదాని భయం మూర్ఖుని గురించి, వాడు తన దృష్టికి తానే జ్ఞాని అవుతాడేమోనని. తనను తాను జ్ఞాని అనుకునేవాని కంటే మూర్ఖుని విషయంలోనే ఎక్కువ ఆశ ఉందని 12వ వచనం చెప్పడంతో ఆ భయపు తీవ్రత తెలుస్తుంది. అంటే, ఐదవ వచనంలోని జవాబు వాదంలో గెలుపు కోసం కాదు, ఎదుటివాడు మరింత దిగజారకుండా ఆపడం కోసం. ఏ సందర్భంలో ఏ వచనం వర్తిస్తుందో సంకలనకర్త ఎక్కడా చెప్పలేదు. కానీ అదే గుచ్ఛంలో 7, 9 వచనాలు మూర్ఖుని నోట పడిన సామెతను కుంటివాని కాళ్లతో, తాగినవాని చేతిలోని ముల్లుతో పోలుస్తాయి; అంటే, ఏ సామెతను ఎప్పుడు వాడాలో ఎరిగిన వివేకం లేకపోతే సామెత కూడా పనికిరాదు.